తొంభై దాటాక ఆత్మకథ రాసిన కోటేశ్వరమ్మ

ప్రశ్న: కాజీపేటలో పంతులుగా పనిచేసి, తర్వాత పీపుల్స్‌వార్ నక్సలైటు పార్టీని స్థాపించిన కొండపల్లి సీతారామయ్య గురించి మా వరంగల్ పెద్దలు చెబుతుంటారు. ఆయన భార్య కూడా రచయిత్రేనా?

అవును. నన్నడిగితే, ఆమెను ఫలానావారి భార్యగా పరిచయం చేయడమే అన్యాయం. కొండపల్లి కోటేశ్వరమ్మ 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులో పెళ్లి, వెంటనే వైధవ్యం. తర్వాత సీతారామయ్యతో పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ, సభల్లో పాటలు, అజ్ఞాతవాసం. ఒంటిమీది నగలూ పార్టీకే ఇచ్చేశారు.

కొన్నేళ్లకు భర్త విడిచి వెళ్లిపోయారు. ఇక్కడి నుంచే అసలు కథ. ముప్పై దాటాక హైదరాబాదు వచ్చి, తనకంటే ఎంతో చిన్నవాళ్ల పక్కన కూర్చుని మెట్రిక్ చదివారు. కాకినాడలో ఆడపిల్లల హాస్టలుకు మేట్రన్‌గా ఉద్యోగం చేసి తన కాళ్లమీద తాను నిలబడ్డారు. కొడుకునూ కూతురినీ పోగొట్టుకుని, మనవరాళ్ల కోసం బతికారు.

గేయాలు, కథలు అంతకుముందే రాసినా, పేరు తెచ్చింది 2012లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ఆత్మకథ 'నిర్జన వారధి'. అప్పటికి ఆమెకు తొంభై దాటాయి! తర్వాత అది ఇంగ్లిషులోకీ వెళ్లింది. 2018లో, నూరేళ్లు నిండాక, విశాఖపట్నంలో కన్నుమూశారు.

మీరు చదవబోతుంటే ఒక మాట: ఉద్యమ వ్యూహాల కోసం వెతికితే నిరాశే. ఉద్యమం నడిచిన ఇంట్లో ఆడమనిషికి ఏం మిగిలిందో కావాలంటే ఈ పుస్తకం తెరవండి.