చెవి వెనక దీపం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ నవల ఆరు అధ్యాయాలు అందాయి. రెండుసార్లు చదివాను. మనుషులు మాత్రమే దేవుడి బిడ్డలని, ఏటిలో బతికే మొప్పలవాళ్ళు ఆయన చేయి జారి పుట్టినవాళ్ళని నమ్మే రాజ్యం. ఊహకు వంక పెట్టను. కానీ తల్లీ, ఈ ఆరు అధ్యాయాల్లో నీ మహాచార్యుడు గుడి మెట్ల మీద నిలబడి నాలుగు ఉపన్యాసాలిచ్చాడు. మూడోది మొదలుకాగానే నేను కాఫీ కలుపుకోవడానికి లేచాను.

ఆయన్ని కాసేపు లోపల కూర్చోబెట్టి, ముందు ఒక గుమస్తాను పుట్టించు. ముప్పై మూడేళ్ళు తాలూకా ఆఫీసులో ధ్రువపత్రాలు రాసినవాడికి ఇంకేం తోస్తుంది అంటావేమో, అననీ. ఇప్పుడు ఏడాదికోసారి నేనే వెళ్ళి, బతికే ఉన్నానని కాగితం ఇచ్చుకోవాలి. కిందటిసారి కిటికీ అవతలి కుర్రవాడు తలెత్తకుండానే “పోయినేటి కాగితం ఉందా?” అన్నాడు. నా మీద అతనికి కోపమూ లేదు, ద్వేషమూ లేదు. మధ్యాహ్నం భోజనానికి ఆలస్యమవుతోందన్న చిరాకు ఒక్కటే. నీ రాజ్యంలో మనిషెవరో తేల్చేవాడు అలాంటివాడై ఉండాలి. అతని బల్ల మీద చిన్న దీపం ఉంటుంది. వచ్చినవాళ్ళ జుట్టు పక్కకు తీసి, చెవి వెనక మొప్పల మచ్చ ఉందేమో చూస్తాడు. తాతమ్మ ఏ ఊరిదని అడుగుతాడు. రాసుకుంటాడు. తర్వాతివాళ్ళను పిలుస్తాడు.

ఇది నా కల్పన అనుకోకు. స్పెయిన్ చరిత్ర తిరగెయ్యి. 1449లో టొలేడో నగరంలో, యూదు మతం విడిచి క్రైస్తవం తీసుకున్నవాళ్ళకూ వాళ్ళ సంతానానికీ నగర పదవులు దక్కకూడదని శాసనం చేశారు. బాప్తిస్మం ఇచ్చింది వాళ్ళే, చాలదన్నదీ వాళ్ళే. ఆ నియమం మఠాలకూ విద్యాలయాలకూ పాకి, 1547లో టొలేడో ప్రధాన చర్చికీ వచ్చింది. పదవి కావాలంటే రక్తశుద్ధి, అంటే తన పూర్వీకుల్లో అన్యమతస్థులు లేరని, రుజువు చేసుకోవాలి. అధికారులు దరఖాస్తు పెట్టినవాడి పూర్వీకుల ఊళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళను విచారించేవారు. ఆ ఖర్చంతా దరఖాస్తుదారుడి నెత్తినే. ఇక మతం తప్పినవాళ్ళను వెదికి శిక్షించే చర్చి న్యాయస్థానం ఇన్‌క్విజిషన్ చర్చిల్లో చదివించిన ప్రకటనలు చూడు: యూదులు పొయ్యి వెలిగించని విశ్రాంతి దినమైన శనివారం ఉతికిన బట్టలు కట్టుకోవడం, ఆ రోజు ఇంటి పొగగొట్టంలోంచి పొగ రాకపోవడం కూడా అనుమాన చిహ్నాలే. పొరుగింటావిడ ఇంటి కప్పు వైపు చూస్తే చాలు, వేగులవాళ్ళకు జీతాలివ్వనక్కరలేదు.

నీ రాజ్యంలో ఆ పొగకు సాటి ఏమిటి? నేనైతే చెవులను ఎంచుకుంటాను. ఆడవాళ్ళందరూ చెవులు బయటపడేలా ఎత్తుగా ముడి వేసుకుంటారు. మొదట్లో అది ఆజ్ఞ, రెండు తరాలు గడిచేసరికి అందం. పురిటి గదిలో మంత్రసాని ఆడో మగో చెప్పేముందు బిడ్డ చెవి మడిచి చూస్తుంది. చలికాలంలో జలుబు చేసి తలగుడ్డ చుట్టుకున్న ఒక వితంతువు, నీళ్ళబిందెతో వీధి దాటేలోగా మూడుచోట్ల దాన్ని విప్పి చూపించాలి. ఈ ముక్క రాస్తే నీ నాలుగు ఉపన్యాసాలూ కొట్టేయవచ్చు.

అయిదో అధ్యాయంలో పెద్ద పొరపాటు ఉంది. రాజు ఒక్క రాత్రిలో మొప్పలవాళ్ళందరినీ వెళ్ళగొట్టాడు, ఆరో అధ్యాయంలో పంట పండుగ జరిగింది. మరి తూము ఎవరు ఎత్తారమ్మా? కాలువలు చూసేది వాళ్ళేనని రెండో అధ్యాయంలో నువ్వే రాశావు. మన కాలువల మీద తూములు ఎత్తి దించే లస్కరు నాలుగు రోజులు రాకపోతే చివరి పొలాలు ఏమవుతాయో మీ తాతయ్యను అడుగు. 1609లో స్పెయిన్ రాజు మూడో ఫిలిప్, అంతకుముందు బలవంతాన క్రైస్తవులను చేసిన ముస్లింల సంతతిని, అంటే మొరిస్కోలను, వెళ్ళగొట్టడం మొదలుపెట్టాడు. 1614 నాటికి మూడు లక్షల మంది దాకా పోయారు. అయితే వలెన్సియాలో చాటించిన ఆజ్ఞలోనే ఒక వెసులుబాటు ఉంది. ఇళ్ళు, చెరకు గానుగలు, వరి పంట, కాలువలు పాడవకుండా చూసి, కొత్తగా వచ్చేవాళ్ళకు పని నేర్పడానికి నూటికి ఆరు కుటుంబాలు ఉండవచ్చని. అపవిత్రులు పోవాలి, వరి మాత్రం పండాలి. నీ నవల అంతా ఆ ఆరు కుటుంబాలలో ఉంది. ఆ ఆరింటిని ఎవరు ఎంచుతారు? ఎంత లంచం నడుస్తుంది? ఉండిపోయినవాడిని వెళ్ళినవాడు ఎలా చూస్తాడు?

పూజారులందరి చేతా ఒకే మాట అనిపించకు. అమెరికా ఖండపు ఆదివాసులు నిజమైన మనుషులేనని 1537లో సాక్షాత్తు పోపు ప్రకటించాడు. అయినా 1550లో స్పెయిన్ నగరం వయ్యదోలీద్‌లో వాళ్ళ మీద యుద్ధం న్యాయమేనా అని పండితులు వాదించుకున్నారు. తీర్పు తేలలేదు. నీ ధర్మగ్రంథంలోనూ ఇబ్బంది పెట్టే ఒక శ్లోకం ఉండనీ, దానికి వ్యాఖ్యానాలు రాసి రాసి వేళ్ళు వంకరపోయిన పండితుడు ఒకడు ఉండనీ. దేవుడు నిజంగా పలికే లోకమైతే చిక్కు ఇంకా పెద్దది. స్వస్థత మంత్రం మొప్పలావిడ నోట కూడా ఫలిస్తే ఏం చేస్తారు? మహిమల చిట్టాలో ఆవిడ పేరు ఎక్కదు. ఆ పూట దీపం పట్టుకున్న మనిషి పేరు ఎక్కుతుంది.

మన పాఠకుడి సంగతి కూడా కాస్త ఆలోచించు. చేప, తాబేలు, వరాహం అన్నీ దేవుడే అన్న ఇంట్లో పెరిగినవాడు, అహోబిలంలో సగం సింహానికి మొక్కుకుని వచ్చినవాడు. దేవుడికి మనిషి రూపమొక్కటే అంటే వెంటనే తలకెక్కదు. అందుకని నీ రాజధానిలో ఒక పాత విగ్రహం పెట్టు. దాని మెడ మీద ఎవరో ఎప్పుడో చెక్కిన మొప్పల గాట్లు. వాటి మీద సున్నం పూశారు. ఏటా వానలకు అది పెచ్చులూడుతుంది, పూజారి రాత్రిపూట నిచ్చెన వేసుకుని మళ్ళీ పూస్తాడు. అతను మంచివాడే. ఎందుకు పూస్తున్నాడో అతని చేత చెప్పించకు.

తాతమ్మ ఊరేదని గుమస్తా అడగగానే, చదివేవాళ్ళు మన చుట్టూ అడిగే ఏ ప్రశ్నను తలుచుకుంటారో నీకు తెలుసు. నువ్వు పోలిక తేవద్దు.

మిగతా అధ్యాయాలు పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యి. కుడి కంటి శుక్లం ఇంకా తీయించుకోలేదు. నిచ్చెన ఎక్కే పూజారి ముందుగా రావాలి. మహాచార్యుడికి తొందరేమీ లేదు.

మీ మామయ్య