చిన్నీ, ముందు తడి గడ్డి సంగతి విను

చిన్నీ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి, "ఇది ఉద్యోగం మానేసి మామిడితోటలో గిన్నీ కోళ్లు పెంచుతుందట, నువ్వే చెప్పక్కా" అంది. అడ్డం చెప్పమంటోందో, దారి చెప్పమంటోందో నాకు అర్థం కాలేదు. మన ఇంట్లో మళ్లీ ఒకరు కోళ్లగంప ఎత్తుతున్నారంటే లోపల సంతోషమే వేసింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. మొదటిసారే రెండు వందల పిల్లలా? ఇరవైతో మొదలుపెట్టవే తల్లీ.

ముందు నా భయం చెప్పేస్తాను. "పిల్లలు మా దగ్గర కొనండి, పెరిగాక మేమే కొంటాం" అని ఎవరైనా కాగితం చూపిస్తే, అది వాళ్ల చేతికే ఇచ్చేసి వచ్చెయ్. ఈము పక్షుల మోజు నడిచిన రోజుల్లో మీ పెదనాన్న అలాంటి కాగితం మీదే సంతకం పెట్టాడు. కొంటామన్నవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. పక్షులకు తిండి ఎవరు పెట్టాలి? నా గాజులు రెండూ దాణా కిందే పోయాయి. అందుకే గుడ్డు ఎవరు కొంటారో, మాంసం ఎవరు అడుగుతారో నువ్వే పది చోట్ల తిరిగి కనుక్కో. ఆ తర్వాతే షెడ్డు.

షెడ్డు మామూలుదే చాలు. నేల పొడిగా ఉండాలి, వల గట్టిగా ఉండాలి. టీకాల గురించి పశువుల డాక్టరును అడుగు, "వీటికి ఏ రోగమూ రాదు" అనేవాళ్ల మాట నమ్మకు. ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ ఉంది, గిన్నీ కోళ్లలో కాదంబరి, చితంబరి, శ్వేతాంబరి అని రకాలు తీసింది వాళ్లే.

పెద్ద పక్షుల్ని కొంటే తెచ్చిన రోజే వదలకు. ఆరు వారాలు షెడ్డులోనే ఉంచి, సాయంత్రం ఒకే వేళకు గింజలు వెయ్యి. అప్పుడే అది తమ ఇల్లని వాటికి తెలుస్తుంది. ఎంతైనా ఆఫ్రికా అడవి పక్షి. అక్కడ గుంపులుగా నేల మీద తిరిగి, చీకటి పడితే చెట్టెక్కుతుంది. మన తోటలోనూ కొమ్మలే వెతుక్కుంటుంది. పట్టుకునేటప్పుడు కాలు పట్టి లాగకు, విరుగుతుంది. రెండు చేతులతో రెక్కలు మూసి ఒంటిని పట్టుకో. పెట్టేదో పుంజేదో చూస్తే తేలిగ్గా తెలియదు, కూత వినాలి. రెండు ముక్కలుగా కూస్తే పెట్ట. కొత్త మనిషి కనిపించినా, పాము కనిపించినా ఊరంతా లేచేలా అరుస్తాయి. పక్క తోట బాబాయికి ముందే ఓ మాట చెప్పి ఉంచు.

ఇక అసలు సంగతి. అప్పటికి నువ్వు పుట్టలేదు. శ్రావణమాసం. మా గిన్నీ పెట్ట ఒకటి నెల రోజులుగా కనబడకపోతే కుక్క ఎత్తుకుపోయిందనుకున్నాం. ఓ సాయంత్రం కంచె వార పొదలోంచి పదిహేడు పిల్లలతో బయటికి వచ్చింది. గోధుమరంగు మీద నల్లచారలు, ఎర్రటి ముక్కులు, ఎర్రటి కాళ్లు. అచ్చం కౌజు పిల్లలే. నాకు కాలు నేల మీద నిలవలేదు. వీధిలో వాళ్లందరినీ పిలిచి చూపించాను. మా అత్తగారు అరుగు మీంచే, "చూపించింది చాల్లే, పిల్లల్ని గంప కింద పెట్టు" అంది. "తల్లి ఉందిగా అత్తయ్యా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

రాత్రి జల్లు పడింది. తెల్లారగానే తల్లి పిల్లల్ని తీసుకుని మేతకు బయల్దేరింది. నాటుకోడిలా ఆగి, రెక్కల కింద వేడి పెట్టే ఓపిక దానికి లేదు. ముందు తను నడిచిపోతుంది, పిల్లలు పరుగెత్తాలి. మోకాలెత్తు తుంగలో, నీళ్లోడుతున్న గడ్డిలో బొటనవేలంత పిల్లలు ఎంత దూరం పరుగెత్తుతాయి? నేను పాలు పితికి, పొయ్యి వెలిగించి, తీరిగ్గా వెళ్లేసరికి తల్లి వెనక ఐదే ఉన్నాయి. మిగతావి అది నడిచిన దారి పొడవునా దొరికాయి. నూగు ఒంటికి అంటుకుపోయి, కళ్లు మూసుకుని, ఒక్కొక్కటి కాస్త కాస్త దూరంలో. ఒకటి ఇంకా నోరు తెరుస్తోంది. దాన్ని కొంగులో చుట్టుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాను. అత్తగారు ఒక్క మాట అనలేదు. పొడి గోనెపట్టా తెచ్చి గంపలో పరిచి, పైన బల్బు కట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆరింట్లో చివరికి మూడు పెరిగాయి. కొంగులోది పెరగలేదు.

అందుకే గుడ్లు నాటుకోడి కిందే పెట్టు. ఇరవై ఆరు నుంచి ఇరవై ఎనిమిది రోజులు పడుతుంది. కోడిగుడ్లు కలిపి పెట్టావా, ఇరవై ఒకటో రోజున తన పిల్లల్ని తీసుకుని లేచిపోతుంది, ఇవి చల్లబడతాయి. పిల్లల కింద న్యూస్‌పేపర్ వెయ్యకు. కాళ్లు జారి, చాపుకుపోతాయి. గోనెపట్టా వెయ్యి. నీళ్ల చిప్పలో గులకరాళ్లు పొయ్యి, లేకపోతే అందులోనే మునిగి చస్తాయి. రాత్రి లేచి చూడు. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి. ఆరు వారాలు తడి తగలనివ్వకు. ఆ తర్వాత కూడా ఎండ ఎక్కి గడ్డి ఆరాకే తలుపు తియ్యి. నువ్వు ఫోను చూసుకుంటూ ఎనిమిదింటి దాకా పడుకుంటావని మీ అమ్మ చెప్పింది. తలుపు ఆలస్యంగా తియ్యడానికి అదొక్కటే పనికొస్తుంది, రాత్రి లేవడానికి కాదు.

గంప ఇంకా అటక మీదే ఉంది. అడుగు ఒకచోట విరిగితే మొన్న తాటినారతో కట్టాను. మా తెల్లపెట్ట పొదుగుకొచ్చి, మూడు రోజులుగా ఉత్త గడ్డి మీదే కూర్చుని ముక్కుతో పొడుస్తోంది. మేతకు కూడా లేవట్లేదు. గిన్నీ గుడ్లు పదిహేను దొరికితే ఊకలో సర్దుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఆదివారం లోపే రా.

మీ పెద్దమ్మ