రెండో రింగు దాకా ఆగనివ్వండి

ప్రశ్న: ఏనుమాముల మార్కెట్ రోడ్డులో మాకు విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. వానాకాలం సాగు మొదలైతే వచ్చే ఫోన్లన్నీ ఎత్తలేక, ఒక ల్యాండ్‌లైన్, నాలుగు ఎక్స్‌టెన్షన్లతో ఈపీఏబీఎక్స్ (ఒకే లైను మీద వచ్చే కాల్స్‌ను దుకాణంలోని ఫోన్లకు పంచే పెట్టె) పెట్టించి, ఫోన్‌ను తానే ఎత్తే దాని ఆటో అటెండెంట్‌లో రికార్డు చేసిన గొంతు ఎక్కించాం. రైతులు ఆ గొంతు వినగానే ఫోన్ పెట్టేస్తున్నారు. తిరిగి చేద్దామంటే మా ఫోన్ల మీద నంబరు కనిపించడం లేదు. అదే లైనును మామూలు ఫోన్‌కు నేరుగా తగిలిస్తే మాత్రం నంబరు వస్తోంది. లోపం ఎక్కడుంది?
– ఒక వ్యాపారి, వరంగల్

జవాబు: నేరుగా తగిలిస్తే నంబరు వస్తోందన్న మీ మాటలోనే సగం జవాబు ఉంది. లైను మీద కాలర్ ఐడీ, అంటే పిలిచినవారి నంబరు చూపే సేవ, పనిచేస్తోంది. దాన్ని అందుకోలేకపోతున్నది మీ పెట్టె.

రాగి తీగ మీద నంబరు ముఖ్యంగా రెండు పద్ధతుల్లో వస్తుంది. ఎఫ్‌ఎస్‌కే పద్ధతిలో, అమెరికాలో పుట్టిన బెల్‌కోర్ ప్రమాణం ప్రకారం, మొదటి రింగుకూ రెండో రింగుకూ నడుమ ఉండే నిశ్శబ్దంలో నంబరు వస్తుంది. డీటీఎంఎఫ్ పద్ధతిలో అయితే, మనం మీటలు నొక్కినప్పుడు వినిపించే స్వరాల రూపంలోనే, మొదటి రింగు కన్నా ముందే వచ్చేస్తుంది. మన దేశంలో ఈ పద్ధతి కూడా వాడుకలో ఉంది. లైను ఒక పద్ధతిలో పంపుతుంటే పెట్టె రెండో దాని కోసం ఎదురుచూస్తే నంబరు ఎప్పటికీ కనిపించదు. పద్ధతి సరిపోయినా, ఆటో అటెండెంట్ మొదటి రింగులోనే లైను ఎత్తేస్తుంటే ఎఫ్‌ఎస్‌కే నంబరు రావడానికి వ్యవధే మిగలదు. చాలా దుకాణాల్లో జరిగేది ఇదే. కొనేవారిని ఆగనివ్వకూడదన్న మంచి ఉద్దేశంతో అమర్చిన ఆ తొందరే వారి నంబరును పోగొడుతోంది. కాబట్టి పెట్టె అమర్చిన మెకానిక్‌ను పిలిపించి, ముందు కాలర్ ఐడీ పద్ధతి మార్పించి చూడండి. తరువాత రెండు రింగులు పూర్తయ్యాకే గొంతు మొదలయ్యేలా పెట్టించండి. అప్పటికీ రాకపోతే, పెట్టె ఆ నంబరును ఎక్స్‌టెన్షన్లకు అందిస్తోందో లేదో అడగండి, ఎందుకంటే కొన్ని పెట్టెలు తమ సొంత కీ ఫోన్ (ఆ పెట్టె కోసమే తయారైన ప్రత్యేక ఫోన్) మీద తప్ప మామూలు ఫోన్ల మీద నంబరు చూపించవు.

రైతులు ఫోన్ పెట్టేయడానికి యంత్రమంటే గిట్టకపోవడం కారణమని నేను అనుకోను. మీట నొక్కి గ్యాస్ బుక్ చేయడం ఊళ్లలో అందరికీ అలవాటే. అక్కడ నమోదైన నంబరును బట్టి మనిషెవరో యంత్రానికి ముందే తెలుసు కనుక, పిలిచినవారు ఒకటి రెండు మీటలు నొక్కితే పని అయిపోతుంది. మీ పెట్టెలో సీఎల్‌ఐ రూటింగ్ (పిలిచినవారి నంబరును బట్టి కాల్‌ను మళ్లించే సదుపాయం) ఉంటే మీరూ అదే చేయవచ్చు: ఏటా వచ్చే ఖాతాదారుల నంబర్లు ఎక్కించి, వారి కాల్ నేరుగా గుమస్తాకు పోయేలా పెట్టి, రికార్డు గొంతును కొత్తవారికి మాత్రమే వినిపించండి.

ఆ గొంతు కూడా మార్చండి. ఒకసారి మిర్చి యార్డులో బస్తాల పక్కన కూర్చున్న ఒక పెద్దాయన ఇలాంటి గొంతు వింటూ, మీట కోసం ఫోన్‌ను చెవి నుంచి దించి, కళ్లకు దగ్గరగా పట్టుకుని వెతకడం చూశాను. ఫోన్ మళ్లీ చెవికి చేరేసరికి మిగతా మాటలన్నీ అయిపోయాయి. అందుకే ‘ఒకటి నొక్కండి, విత్తనాల కొరకు’ అనే తలకిందుల వాక్యం వద్దు. ‘విత్తనాల కోసమైతే ఒకటి నొక్కండి’ అని చెప్పించి, నాలుగు సెకన్లు ఆపండి. రెండు మూడు మీటలకు మించి పెట్టకండి. ఏ మీటా నొక్కకపోతే కాల్ తెగిపోకుండా మనిషి దగ్గరికే పోవాలి. రికార్డింగు దుకాణంలో రోజూ మాట్లాడేవారి గొంతుతోనే, మన మాటతీరులోనే ఉంటే మరీ మంచిది.

ప్రశ్న: ఖాతాదారు ఫోన్ చేయగానే నంబరును గుర్తుపట్టి, బాకీ ఎంతో యంత్రమే చెప్పేలా చేయవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చేయవచ్చు, కానీ నంబరు ఒక్కదానినే నమ్మి చేయకండి. కనిపించే నంబరును మార్చి ఫోన్ చేసే మోసం ఉంది. విదేశాల నుంచి భారతీయ నంబర్ల ముసుగులో వచ్చే కాల్స్‌ను ఆపడానికి కేంద్రం 2024 అక్టోబరులో ప్రత్యేక వ్యవస్థనే ప్రారంభించింది. మోసం మాట అటుంచినా, మన ఇళ్లలో తండ్రి ఫోన్ కొడుకు దగ్గర, భార్య ఫోన్ భర్త దగ్గర ఉండటం మామూలే. ఇంట్లో చెప్పకుండా తెచ్చిన అప్పు మీ యంత్రం నోట బయటపడితే ఆ కుటుంబానికి కలిగే బాధ మీరు తీర్చలేనిది. నంబరును కాల్ ఎటు పంపాలో తేల్చడానికి వాడుకోండి. బాకీ చెప్పే ముందు, ఖాతాదారు తానే పెట్టుకున్న నాలుగంకెల రహస్య సంఖ్యను నొక్కమని అడిగించండి.