చెయ్యి మళ్లీ మామూలైనా సరే, చూపించుకోవాల్సిందే

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. బీపీ ఉంది. బాగానే ఉన్నానంటూ రెండు నెలలుగా మాత్రలు మానేశారు. పోయిన వారం చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే కుడి చెయ్యి పట్టు తప్పింది, మాట ముద్దముద్దగా వచ్చింది. 20 నిమిషాల్లో అంతా మామూలైపోయింది. నీరసమనుకుని వదిలేశాం. ఇది పక్షవాతమా?

జవాబు: నీరసమైతే ఒళ్లంతా ఉంటుంది. ఒక్క చెయ్యే పట్టు తప్పి, మాట కూడా తేడా వచ్చిందంటే మెదడునే అనుమానించాలి. ఎడమవైపు మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళానికి గడ్డ అడ్డుపడి, కాసేపటికి దానంతటదే కరిగిపోయి ఉండొచ్చు. దీన్ని టీఐఏ, మామూలు మాటల్లో మినీ స్ట్రోక్ అంటాం. దీని తర్వాత అసలు స్ట్రోక్, అంటే పక్షవాతం వచ్చే ముప్పు మొదటి రెండు రోజుల్లో బాగా ఎక్కువ. అలాగని వారం దాటింది కదా, గండం గడిచిందనుకోవద్దు. ఇంకా చూపించకపోతే ఈరోజే న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.

ముందు ఆ గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో తేలాలి. మెడలోని కెరోటిడ్ ధమనిలో కొవ్వు పేరుకుంటే, దాని మీద గడ్డ కట్టి పైకి కొట్టుకుపోతుంది. గుండె లయ తప్పినా లోపల రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఎమ్మారై, మెడ డాప్లర్ (నాళాల్లో రక్తప్రవాహం చూసే స్కాన్), ఈసీజీ చేయించమనేది ఇందుకే. ధమనిలో సమస్య అయితే ఆస్పిరిన్ లాంటి మాత్రలు, కొలెస్ట్రాల్ మందు ఇస్తారు. 70 శాతం పైగా పూడుకుపోతే ఆపరేషన్ అవసరం కావొచ్చు. గుండె లయ తప్పినవాళ్లకు మాత్రం ఆస్పిరిన్ చాలదు, రక్తం గడ్డకట్టకుండా ఆపే వేరే మందులు వాడాలి. ఇంకొకరి చీటీ చూసి మాత్రలు కొనొద్దనేది అందుకే.

మళ్లీ మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా టైమ్ చూసుకుని వెంటనే సీటీ స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పెద్ద నాళం మూసుకుపోతే సన్నటి గొట్టం పంపి గడ్డను లాగేస్తారు. దానికి సాధారణంగా ఆరు గంటల గడువు, కొందరికి స్కాన్‌ను బట్టి 24 గంటల వరకూ కుదురుతుంది. పడుకుని లేస్తే తగ్గుతుందని చూడటమే చాలామంది చేసే పొరపాటు. స్కాన్ కాకుండా ఇంట్లో ఆస్పిరిన్ వేయొద్దు. నాళం చిట్లి రక్తస్రావమైనా లక్షణాలు ఇలాగే ఉంటాయి. నీళ్లు కూడా పట్టకండి, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

డాక్టర్ దగ్గరికి పాత మందుల చీటీ తీసుకెళ్లండి. మాత్రలు మానేసిన సంగతి నాన్నగారు దాచే అవకాశం ఉంది, అది మీరే చెప్పండి.