ఎద్దు నడుము కాదు, మొదట వెనక కాలి మోకాలి చిప్ప చూపించండి

ప్రశ్న: మాది బాపట్ల జిల్లా. ఆరు పళ్ల ఒంగోలు ఎద్దును సంక్రాంతికి బండలాగుడు పోటీలో దింపాం. అప్పట్నుంచి మూడు వారాలుగా, పొద్దున్నే లేవగానే కుడి వెనక కాలు వెనక్కి చాచి ఈడుస్తోంది. నాలుగడుగులు వేశాక ఒక్క కుదుపుతో కాలు ముందుకొస్తుంది, తర్వాత బాగానే నడుస్తుంది. మేత, నెమరు మామూలే. విదేశాల్లో గుర్రాలకు వెన్నుపూసలు చేత్తో సర్దే వీడియోలు మావాడు ఫోన్‌లో చూపించాడు. పక్క ఊళ్లో ఒకాయన ఎద్దును పడేసి నడుం సరిచేస్తానంటున్నాడు. చేయించమంటారా, వాతలు పెట్టించమంటారా?

జవాబు: రెండూ వద్దు. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఇది నడుము జబ్బులా లేదు. వెనక కాలి మోకాలి చిప్ప పైకెక్కి ఇరుక్కుంటోందని నా అనుమానం. చిప్పను పట్టి ఉంచే మూడు బలమైన నరాల్లో (వైద్యంలో వీటిని స్నాయువులంటాం) లోపలి వైపుది తొడ ఎముక చివరనున్న గట్టుకు తగులుకుంటుంది. అది వదిలేదాకా మోకాలు, దాని కింది మడమ కీలు రెండూ ముడవవు. గిట్ట దగ్గరి కీలు మాత్రమే వంగుతుంది, కాబట్టి గిట్ట కొన నేలను రాసుకుంటుంది. కుడి గిట్ట ముందు భాగం ఎడమ దానికన్నా అరిగి ఉందేమో ఒకసారి చూడండి. బరువులు లాగే ఎద్దుల్లో ఇది మేం తరచూ చూసేదే.

ఇక మీరు చూసిన వీడియోల సంగతి. అది కైరోప్రాక్టిక్ అనే పద్ధతి. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 1895లో డేనియల్ డేవిడ్ పామర్ మనుషులకు మొదలుపెట్టాడు. పశువులకు చేసేవాళ్లు అక్కడ 1989లో సంఘం కూడా పెట్టుకున్నారు. కోత లేదు, సూది లేదు. బిగుసుకున్న కీలును వేళ్లతో వెతికి, అక్కడ చిన్నగా, వేగంగా ఒక తోపు తోస్తారు. గుర్రానికి పక్కటెముకలు తగిలే పూసలు 18, నడుము పూసలు 6. జీను, రౌతు బరువు పడేది ఆ పక్కటెముకల పూసల వెనక భాగం మీదే. అక్కడ పూసల పైకొమ్ములు ఒకదానికొకటి రాసుకుని నొప్పి పుడుతుంది. అలాంటి గుర్రాలకు ఈ తోపు వల్ల కండరం సడలి, కొంతకాలం నొప్పి తగ్గుతుంది. పరిశోధనల్లో కనిపించిందీ అదే. అంతేగాని ‘పక్కకు జారిన పూస మళ్లీ చోటులో కూర్చుంది’ అన్నమాట నిజం కాదు. అంత కండరం కింద, అంత గట్టి బంధాల మధ్య ఉన్న పూస నిజంగా జారితే వెన్నుపాము నలుగుతుంది, ఆ పశువు లేచి నిలబడలేదు. మనకు కనిపించేదంతా కీలు కదలిక తగ్గడం, కండరం బిగుసుకోవడం. నేను ఈ చికిత్సను కొట్టిపారేయడం లేదు. అది జబ్బేమిటో తేలాక, పశువైద్యుడి పర్యవేక్షణలో వాడేది. మోకాలి చిప్ప ఇరుక్కుంటే నడుమును ఎంత నొక్కినా ఫలితం ఉండదు.

పక్క ఊరి మనిషి చెప్పే పద్ధతికీ ఆ వీడియోలకూ పోలికే లేదు. అక్కడ పశువును నిలబెట్టే చేస్తారు. అయిదారు వందల కిలోల ఎద్దును తాళ్లతో గట్టినేల మీద పడేసి అదిమి ఉంచితే పొట్ట ఉబ్బుతుంది, కడుపులోని మేత నోట్లోకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కింద పడిన వైపు ముందుకాలిని కదిలించే నరం నలిగి ఆ కాలు చచ్చుబడిన ఎద్దుల్ని నేను చూశాను. ఎంతో ప్రేమగా పెంచుకున్న ఎద్దు, అలా చేయకండి. వాతలు కూడా అంతే. చర్మం కాలుతుంది, చిప్పను పట్టిన లోపలి నరం అలాగే ఉంటుంది.

నడుం పట్టేసిందని ఓసారి మా దగ్గరికి ఒక ఆవును తెచ్చారు. వీపు విల్లులా వంచి నిలబడింది. నడుముకు నూనె రాసి రాసి రోమాలు అట్టకట్టి ఉన్నాయి. మెడ, వీపు కలిసేచోట చర్మాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టి నొక్కాను. ఆరోగ్యంగా ఉన్న పశువైతే వెంటనే వీపు కిందికి దించుతుంది. ఇది దించలేదు, లోపల్నుంచి మూలిగింది. మేతతో పాటు మింగిన తీగముక్క కడుపులో గుచ్చుకుంది. గిట్టలో ముల్లు విరిగి చీము పట్టినా పశువు వీపు వంచుతుంది. అందుకే మేం గిట్టలు, మోకాళ్లు, పొట్ట చూశాకే నడుము దాకా వస్తాం.

మీ ఎద్దుకు నా అనుమానమే నిజమైతే వైద్యం తేలిక. ఆసుపత్రిలో పశువు కదలకుండా పట్టి ఉంచే ఇనుప గొట్టాల చట్రంలో (ట్రేవిస్) నిలబెట్టి, మోకాలి దగ్గర మత్తుసూది ఇచ్చి, ఇరుక్కుంటున్న ఆ ఒక్క నరాన్ని చిన్న గాటుతో తెంచుతారు. చాలా పశువులు అక్కడే మామూలుగా అడుగువేస్తాయి. తర్వాత కనీసం నెల రోజులు కాడి కట్టకండి. గాటు మీద ఈగలు వాలనీయకండి. ఉగాది పోటీల మాట ఈ ఏడాదికి వదిలేయండి.

ఆసుపత్రికి తీసుకెళ్లేదాకా ఎద్దును జారని మట్టినేల మీద కట్టండి. రోజూ నెమ్మదిగా నడిపించండి. నొప్పి మందు మీ అంతట మీరు వేయకండి. మనుషుల డైక్లోఫెనాక్ అసలే వద్దు. దాన్ని 2006లోనే పశువులకు నిషేధించారు. ఆ మందు పడిన కళేబరాలు తిని రాబందులు చచ్చిపోయాయి.

ఒకవేళ రెండు వెనక కాళ్లూ తూలినా, చొంగ కార్చినా, గొంతు మారి అరిచినా అది వేరే జబ్బు. పిచ్చికుక్క కాటు వల్ల కూడా కావచ్చు. నోట్లో చెయ్యి పెట్టకుండా 1962కు ఫోన్ చేయండి.

ఆసుపత్రికి వెళ్లే ముందు మరో పని చేయండి. పది అడుగులు నడిచాక ఈ కుంటు కనపడదు. ఆసుపత్రికి తోలుకొచ్చేసరికి మీ ఎద్దు చక్కగా నడుస్తూ ఉంటుంది, డాక్టరుకు ఏమీ దొరకదు. రేపు తెల్లవారుజామున అది లేచే సమయానికి మీవాణ్ణి ఫోన్‌తో పక్కన నిలబడమనండి. కాలు ఈడ్చే మొదటి అడుగులు, ఆ కుదుపు, రెండూ పక్కనుంచి వీడియో తీసి తెచ్చి చూపించండి.