పింక్ కూలెంట్‌లో గ్రీన్ పోయొచ్చా?

ప్రశ్న: కారు కొని ఐదేళ్లయింది, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఇంతవరకు మార్చలేదు. మొదట్లో పింక్‌గా ఉండేది, ఇప్పుడు గోధుమ రంగుకి తిరిగింది, కొంచెం తగ్గింది కూడా. నా దగ్గర గ్రీన్ కూలెంట్ ఉంది, అదే పోసేయొచ్చా? ఓబీడీ యాప్‌లో (కారు కంప్యూటర్ రీడింగ్‌లు ఫోన్‌లో చూపించేది) ఇంజిన్ వేడి 98 డిగ్రీలు చూపిస్తుంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ 98 గురించి కంగారు మానేయండి. వేడెక్కిన ఇంజిన్ చాలా కార్లలో 85 నుంచి 105 మధ్య ఉంటుంది. నీళ్లు 100కే మరుగుతాయి కదా అంటారేమో, సగం నీళ్లు సగం ఇథిలీన్ గ్లైకాల్ (కూలెంట్‌లోని ముఖ్య రసాయనం) కలిపితే మరిగే స్థాయి 106 దాటుతుంది, దానికి తోడు రేడియేటర్ మూత లోపలి ప్రెషర్‌ని పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ అంకె ఇంకా పైకి వెళ్తుంది. ఫ్యాన్ తిరుగుతున్నా 110 దాటి ఎక్కుతూనే ఉంటే మాత్రం బండి పక్కకు ఆపాల్సిందే.

గ్రీన్ వద్దు. ఆ రంగు తయారీదారు కలిపే డై మాత్రమే, అసలు తేడా లోపలున్న తుప్పు నిరోధక రసాయనాల్లో ఉంటుంది. పడనివి రెండూ కలిస్తే ఒక్కోసారి జిగురులా గడ్డకట్టి సన్నటి గొట్టాలకు అడ్డుపడుతుంది, గడ్డకట్టకపోయినా కూలెంట్ ఆయుష్షు తగ్గుతుంది. మాన్యువల్‌లో ఇచ్చిన స్పెసిఫికేషన్ డబ్బా మీద ఉందో లేదో చూసి కొనండి, రంగు సంగతి వదిలేయండి. గోధుమ రంగు చాలావరకు తుప్పుకి గుర్తు, కాబట్టి పైపైన పోయడం కాదు, పూర్తిగా మార్చాలి. పైన నూనె తెట్టు కనిపించినా, పాలు కలిపినట్టున్నా అది వేరే సమస్య, ముందు హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ పైభాగానికీ మధ్య ఉండే సీల్) చూపించండి.

ఇంజిన్ బాగా చల్లారాకే మూత తీయాలి. వేడిగా ఉన్నప్పుడు తీస్తే కూలెంట్ మొహం మీదకి చిమ్ముతుంది, ఇందులో ఏ మినహాయింపూ లేదు. పాతది దింపేసి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాక కూడా ఇంజిన్ బ్లాక్‌లో కొన్ని నీళ్లు మిగిలే ఉంటాయి, చాలామంది ఇది మరిచిపోయి రెడీ మిక్స్ (ముందే నీళ్లు కలిపిన కూలెంట్) పోస్తారు, దాంతో మొత్తం పలచబడిపోతుంది. అందుకే ఇలా కడిగితే కాన్సంట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి కూలెంట్) కొనండి: మొత్తం సామర్థ్యం 6 లీటర్లయితే ముందు 3 లీటర్ల కాన్సంట్రేట్ పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. కుళాయి నీళ్లలోని లవణాలు లోపల పొరలా పేరుకుంటాయి, అవి వద్దు.

తర్వాత గాలి తీయాలి. హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, మీ కారుకి బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి వదిలే మర) ఉంటే మాన్యువల్ చెప్పినట్టు వదులు చేసి, ఇంజిన్‌ని ఐడిల్‌లో నడపండి. యాప్‌లో అంకె పెరుగుతున్నా హీటర్ నుంచి చల్లగాలే వస్తుంటే లోపల గాలి చిక్కుకుందన్నమాట. పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకితే ప్రాణం పోతుంది, కాలవలో పారబోయకుండా మూత బిగించి సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి.

మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మట్టం కాస్త తగ్గి ఉంటే మామూలే, నింపండి. ఆ తర్వాతా తగ్గుతూనే ఉంటే ఎక్కడో లీక్ ఉంది, ప్రెషర్ టెస్ట్ చేయించండి.