విద్యార్థులకు అర్థశాస్త్రం, డబ్బు లెక్కలు ఎలా నేర్పితే ఒంటబడతాయి?

13 నుంచి 17 ఏళ్ల పిల్లలు గిరాకీ, సరఫరా, ద్రవ్యోల్బణం, చక్రవడ్డీ నిర్వచనాలు గడగడా అప్పజెబుతున్నారు, కొత్త లెక్క ఇస్తే మాత్రం తెల్లమొహం వేస్తున్నారని మీ ప్రశ్న. చిక్కంతా పాఠం నడిచే వరసలో ఉంది. ముందు వాళ్ల చేత ఒక నిర్ణయం తీయించండి, దాని ఫలితాన్ని అంకెల్లో బోర్డు మీద పెట్టండి, పేరు చివర్లో చెప్పండి. అలా చేస్తే నిర్వచనం వాళ్లే దాదాపుగా చెప్పేస్తారు.

గిరాకీ-సరఫరా గీతలు గీయకముందే తరగతిలో ఒక బజారు నడపండి. 20 మందికి 20 చీటీలు చాలు. పదిమంది కొనేవాళ్లకు 30, 28, 26 అలా రెండేసి తగ్గుతూ 12 దాకా. ఆ వస్తువు వాళ్లకు ఎంత విలువో చీటీలో ఉన్న అంకె చెబుతుంది. పదిమంది అమ్మేవాళ్లకు 8, 10, 12 అలా 26 దాకా. అది వాళ్ల ఖర్చు. రౌండుకు ఒక్కొక్కరు ఒక్క వస్తువే కొనాలి, లేదా అమ్మాలి. కొన్నవాళ్ల లాభం చీటీ అంకెలోంచి ధర తీసేస్తే వచ్చేది, అమ్మినవాళ్లది ధరలోంచి చీటీ అంకె తీసేస్తే వచ్చేది. చీటీ ఎవరికీ చూపకూడదు. ధర మాత్రం అందరికీ వినబడేలా పైకి చెప్పాలి. బేరం కుదరగానే ఇద్దరూ మీ దగ్గరకు రావాలి, మీరు చీటీలు సరిచూసి ధరను బోర్డు మీద వరసగా రాయాలి. రౌండు ఐదు నిమిషాలు. చీటీలు మార్చకుండా కనీసం మూడు రౌండ్లు జరగాలి.

మొదటి రౌండులో ధరలు చెల్లాచెదురుగా ఉంటాయి. అప్పుడే కంగారుపడి వివరణ మొదలుపెట్టకండి. మూడో రౌండుకు బేరాలు 18, 20 మధ్యకు చేరుతూ, ఆరు బేరాల దగ్గర ఆగడం కనిపిస్తుంది. ఈ చీటీలకు సమతౌల్యం, అంటే కొనాలనుకునేవాళ్లూ అమ్మాలనుకునేవాళ్లూ సరిసమానమయ్యే చోటు, అదే: 30 విలువ ఉన్నవారితో 8 ఖర్చు ఉన్నవారిని జతచేస్తూ పోతే ఆరో జత 20, 18. ఏడో జతకు విలువ 18, ఖర్చు 20, కాబట్టి బేరం కుదరదు. అందరి లాభాలూ కలిపితే గరిష్ఠంగా 72.

ఇక్కడ ఎక్కువసేపు ఆగదగ్గ ప్రశ్న ఒకటుంది: బేరాలు ఎక్కువ జరిగితే మంచిదే కదా? పిల్లలు అవుననే అంటారు. అప్పుడు 12 విలువను 8 ఖర్చుతో, 14ను 10తో, అలా 30ను 26తో జతచేసి చూపండి. పది బేరాలూ కుదురుతాయి, కానీ ఒక్కోదానికి లాభం 4, మొత్తం 40 మాత్రమే. ఆరు బేరాలకు 72, పది బేరాలకు 40. వస్తువు ఎవరి చేతికి చేరిందన్నది ఎన్ని అమ్ముడుపోయాయన్న దానికన్నా ముఖ్యమని ఈ రెండంకెలు చెప్పినంత బాగా ఏ పాఠమూ చెప్పలేదు.

ధరలు పైకి చెప్పడం, రౌండ్లు మళ్లీ మళ్లీ ఆడించడం రెండూ తప్పనిసరి. హార్వర్డ్‌లో అర్థశాస్త్రవేత్త ఎడ్వర్డ్ చేంబర్లిన్ విద్యార్థులతో ఇలాంటి బజారు నడిపి 1948లో ఫలితాలు ప్రచురించారు. అక్కడ విద్యార్థులు తిరుగుతూ ఇద్దరిద్దరుగా బేరమాడుకున్నారు, అదీ ఒక్క రౌండే. సిద్ధాంతం చెప్పినదానికన్నా బేరాలు ఎక్కువ జరిగాయి. ఆ తరగతిలో విద్యార్థిగా కూర్చున్న వెర్నన్ స్మిత్ తర్వాత బహిరంగ వేలం పద్ధతినీ, రౌండ్ల పునరావృతాన్నీ జోడించారు. ఆయన 1962లో ప్రచురించిన ప్రయోగాల్లో ధరలు సమతౌల్యం వైపు జరిగాయి. 2002లో అర్థశాస్త్ర నోబెల్ పంచుకున్నది ఆయనే. మీ తరగతిలో పిల్లలు మూలల్లో గుసగుసగా బేరాలాడుతుంటే మీరు నడుపుతున్నది చేంబర్లిన్ బజారన్నమాట, ధరలు కుదురుకోవు.

మామూలుగా చెడేవి ఇవి. కొందరు బేరం చేయాలన్న ఉత్సాహంలో నష్టానికి అమ్మేస్తారు, అందుకే చీటీ సరిచూడకుండా ధర రాయకండి. 12 చీటీ వచ్చినవాళ్లు ఏమీ కొనలేక నీరుగారిపోతారు; ఆ చీటీకి బేరం కుదరకపోవడం తప్పు కాదని ముందే చెప్పి, తర్వాతి ఆటలో వాళ్లకు మంచి చీటీ ఇవ్వండి. మంది తక్కువైతే 12, 26 చీటీలను జతగా తీసేయండి, ఆ తర్వాత 14, 24 తీయండి, సమతౌల్యం మారదు. ఒక్కరు మిగిలితే బోర్డు దగ్గర రాసే పని అప్పగించండి. అన్నిటికన్నా పెద్ద పొరపాటు, జవాబు 18-20 అని ముందే నోరు జారడం.

అదే బజారులో మరుసటి రోజు అమ్మినవాళ్ల మీద బేరానికి 4 పన్ను వేయండి. ఆరో బేరం మాయమై ఐదే మిగులుతాయి, ధర 20-22 మధ్యకు వెళుతుంది. పన్ను 4 అయితే ధర పెరిగింది సుమారు 2 మాత్రమే, మిగతా 2 అమ్మినవాళ్ల చేతి నుంచి పోయింది. “పన్ను అంతా కొనేవాళ్లే కడతారు” అన్న అపోహ అక్కడ పోతుంది. పన్ను తీసేసి ధర 15 మించకూడదని గరిష్ఠ పరిమితి పెడితే నలుగురే అమ్మగలరు, కొనాలని ఎనిమిదిమంది నిలబడతారు. ఇవన్నీ అయ్యాకే గీతల పటం గీయండి. అందులోని ప్రతి చుక్కా ఎవరి చీటీయో పిల్లలకు తెలుసు.

అవకాశ వ్యయానికి, అంటే ఒకటి ఎంచుకుంటే వదులుకున్నదాని విలువకు, ఇంత హంగామా అక్కర్లేదు. వదులుకున్నవన్నీ కూడేయడమే పిల్లలు చేసే తప్పు. ఒక సాయంత్రం ఆట, చదువు, నిద్ర మూడింట్లో ఆట ఎంచుకుంటే వదులుకున్నది మిగతా రెండింట్లో తనకు ఎక్కువ విలువైనది ఒక్కటే, ఎందుకంటే రెండూ ఎలాగూ చేయలేరు. మొదట అంకెలు లేకుండానే చెప్పండి. అంకెలతో అడిగితే పెద్దవాళ్లే తడబడతారు: పాల్ ఫెరారో, లారా టేలర్ 2005లో అర్థశాస్త్రవేత్తలకే అలాంటి ప్రశ్న వేస్తే, ఈ పరిశోధకులు సరైనదనుకున్న జవాబు ఇచ్చినవాళ్లు పావువంతు కూడా లేరు.

వడ్డీ పాఠానికి ముందు అంచనా రాయించండి. 1000 మీద ఏడాదికి 10 శాతం చక్రవడ్డీ, 30 ఏళ్లకు ఎంత? కాగితం మడిచి పక్కన పెట్టించాక మొదటి ఐదేళ్లు చేత్తో లెక్క వేయించండి: 1100, 1210, 1331, 1464.10, 1610.51. ఇక్కడే ఆపేస్తే పాఠం దెబ్బతింటుంది. బారువడ్డీ అయినా 1500 వస్తుంది కదా, 110 తేడాకు ఇంత గోలేమిటి అనుకుంటారు. పదేళ్లకు 2593.74, ఇరవై ఏళ్లకు 6727.50, ముప్పై ఏళ్లకు 17,449 దాకా తీసుకెళ్లండి. ముప్పై ఏళ్లకు బారువడ్డీ ఇచ్చేది 4000 మాత్రమే. ఇప్పుడు మడిచిన కాగితాలు విప్పమనండి. ఫార్ములా ఆ తర్వాత.

పొదుపుకన్నా అప్పు లెక్క నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే మోసపోయేది అక్కడ. 12,000 అప్పు, ఏడాదికి 10 శాతం ఫ్లాట్ రేటు (అప్పు తీరుతున్నా మొదటి మొత్తం మీదే వడ్డీ కట్టే పద్ధతి), 12 నెలవారీ వాయిదాలు. వడ్డీ 1200, నెలకు 1100. “నిజంగా పడే వడ్డీ ఎంత శాతం?” అంటే అందరూ 10 అంటారు. “ఏడాది పొడుగునా మీ దగ్గర 12,000 ఉందా?” అని అడగండి. నెలకు 1000 అసలు తీరుతోందనుకుంటే మిగిలే బాకీ 12,000, 11,000, అలా చివరికి 1000, సగటు 6500. 6500 మీద 1200 అంటే పద్దెనిమిదిన్నర శాతం దాకా. కచ్చితంగా కావాలంటే స్ప్రెడ్‌షీట్‌లో రేట్ (RATE) ఫంక్షన్‌కు 12, మైనస్ 1100, 12000 ఇచ్చి 12తో గుణించండి, దాదాపు 18 వస్తుంది. మైనస్ గుర్తు మరిచిపోతే తప్పు చూపిస్తుంది. తర్వాత 2 శాతం రుసుము, అంటే 240, ముందే కోసుకుని 11,760 చేతికిచ్చారనుకుని మళ్లీ వేయించండి. దాదాపు 22 శాతం. 10 అని చెప్పిన అప్పు 22 ఎలా అయిందో తమ చేత్తో లెక్క కట్టినవాళ్లు దాన్ని మరిచిపోరు.

ద్రవ్యోల్బణానికి ఒక చిన్న వేలం. ఐదు వస్తువులు, తరగతి మొత్తానికి 100 టోకెన్లు. రెండో రౌండులో అవే రకం ఐదు వస్తువులు, 200 టోకెన్లు. ధరలు ఇంచుమించు రెట్టింపవుతాయి, వస్తువులు మాత్రం ఐదే. రౌండు ముగియగానే టోకెన్లు చెల్లవని ముందే ప్రకటించండి, లేకపోతే దాచుకుని రెండో రౌండును పాడుచేస్తారు. ఈ ఆట డబ్బు పరిమాణం ఒక్కటే చూపిస్తుందనీ, సరఫరా దెబ్బతిన్నా ధరలు పెరుగుతాయనీ చెప్పడం మరవకండి. ద్రవ్యోల్బణం 10 నుంచి 5 శాతానికి తగ్గితే ధరలు తగ్గాయనుకోవడం చాలా గట్టి అపోహ. 100, 110, 115.5 అని మూడంకెలు రాస్తే చాలు.

నేర్చుకున్నారో లేదో చూడటానికి అర్థశాస్త్రవేత్తలు అన్నమారియా లుసార్డి, ఒలీవియా మిచెల్ రూపొందించిన, 2004లో అమెరికా సర్వేలో వాడిన మూడు ప్రశ్నలు వాడండి. ఏడాదికి 2 శాతం వడ్డీ మీద 100 దాస్తే ఐదేళ్లకు 102 కన్నా ఎక్కువా, తక్కువా, సరిగ్గా అంతేనా? వడ్డీ 1 శాతం, ద్రవ్యోల్బణం 2 శాతం అయితే ఏడాది తర్వాత ఆ డబ్బుతో ఎక్కువ కొనగలమా, తక్కువా? ఒకే కంపెనీ షేరు, మ్యూచువల్ ఫండ్ కన్నా భద్రమా? “తెలియదు” అన్న ఎంపిక తప్పక ఉంచండి, లేకుంటే ఊహించి రాసినవి తెలిసి రాసినవాటిలో కలిసిపోతాయి. పాఠానికి ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి, ఆరు వారాలకు అంకెలు మార్చి మళ్లీ పెట్టండి.

ఆ మూడోసారి ఎందుకంటే, డేనియల్ ఫెర్నాండెస్, జాన్ లించ్, రిచర్డ్ నెటెమేయర్ 2014లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, డబ్బు విషయంలో మనిషికీ మనిషికీ ప్రవర్తనలో ఉన్న తేడాల్లో ఇలాంటి చదువు వివరించగలిగింది 0.1 శాతమే, అదీ కాలంతో వాడిపోతోంది. 2022లో టిమ్ కైజర్ బృందం 76 యాదృచ్ఛిక ప్రయోగాలను (ఎవరికి పాఠం చెప్పాలో చీటీ తీసినట్టు ఎంచినవి) కలిపి చూసి ఫలితం ఉందనే తేల్చింది. నేను రెండింటినీ కలిపి తీసుకునేది సమయం సంగతి: నేర్చుకున్నది వాడిపోకముందే దాని అవసరం రావాలి. ఫ్లాట్ రేటు పాఠాన్ని పాఠశాల వదిలే ఏడాదికి ఉంచండి. వడ్డీ పట్టిక 13 ఏళ్లకే వేయించవచ్చు, బజారు ఆట ఏ వయసులోనైనా సరే.